కారు మారింది, చిట్కాలు మారలేదు

పప్పుచారుకి ప్రతి ఇంట్లో ఒక పద్ధతి ఉన్నట్టే, కారు మైలేజ్ పెరగాలంటే ఏం చెయ్యాలన్నదానికీ ప్రతి ఇంట్లో ఒక పద్ధతి ఉంటుంది. పొద్దున్నే స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఇంజను వేడెక్కనివ్వాలి. డౌన్ వస్తే న్యూట్రల్‌లో వేసెయ్యాలి. ఎయిర్ ఫిల్టర్ నెలనెలా దులపాలి. ఎండాకాలం బండి వేడెక్కుతుంటే థర్మోస్టాట్ పీకేయించాలి. మా ఇంట్లో ఇవన్నీ మా మామగారి దగ్గర్నుంచి మా వారికి వచ్చాయి, ఆస్తి కాగితాలతో పాటు వచ్చినంత గౌరవంగా.

ఇవేవీ అబద్ధాలు కావండీ. ఒకప్పుడు నిజాలే. కాకపోతే ఏ బండికి నిజం అన్నది చూసుకోవాలి. కట్టెల పొయ్యి మీద అన్నం వండిన అమ్మమ్మ, "గంజి పొంగగానే ఒక కట్టె వెనక్కి లాగు" అనేది. గ్యాస్ స్టవ్ దగ్గర నిలబడి ఏ కట్టె లాగుతాం? పదిహేనేళ్ళ పాత కారుని ఇంకా వదలకుండా నడుపుకుంటున్న ఇళ్ళకి ఈ తేడా తెలియడం చాలా అవసరం. అందుకే కాస్త వెనక్కి వెళ్ళి చెప్తాను.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలుకి రేషన్ పెట్టారు. మన వైపు బొగ్గు బస్సులు తిరిగింది అప్పుడే. బస్సు వెనక పెద్ద డ్రమ్ములాంటి పొయ్యి, అందులో బొగ్గు, దాన్నుంచి వచ్చే గ్యాసుతో బండి నడిచేది. అదే కాలంలో అమెరికాలో 1942లో దేశమంతా గంటకు 35 మైళ్ళు దాటకూడదని హద్దు పెట్టారు. అంటే మన లెక్కలో 56 కిలోమీటర్లు. దానికి 'విక్టరీ స్పీడ్' అని పేరు. అసలు ఉద్దేశం పెట్రోలు కాదు, రబ్బరు. రబ్బరు తోటలున్న దేశాలు జపాన్ చేతికి వెళ్ళిపోయాయి, కొత్త టైర్లకు దిక్కు లేదు. నెమ్మదిగా వెళ్తే టైర్లు ఎక్కువ కాలం వస్తాయని పెట్టిన నియమం పెట్రోలునీ మిగిల్చింది. వేగం రెట్టింపు అయితే గాలి అడ్డుకునే బలం నాలుగు రెట్లవుతుంది కదా, కారు ఎంత కొత్తదైనా ఆ లెక్క నుంచి తప్పించుకోలేదు.

యుద్ధానికి కొంచెం ముందే, 1939లో, అమెరికాలోని వుడ్ రివర్ అనే ఊళ్ళో షెల్ కంపెనీ ప్రయోగశాలలో పనిచేసే వాళ్ళు సరదాగా పందెం వేసుకున్నారు: ఒక గ్యాలన్ పెట్రోలుతో ఎవరి కారు ఎక్కువ దూరం వెళ్తుందా అని. గెలిచినవాడికి లీటరుకి దాదాపు 21 కిలోమీటర్లు వచ్చింది. ఆ పందెం ఏళ్ళ తరబడి సాగింది. 1949లో 64 దాకా వెళ్ళింది. 1973లో ఒక ఓపెల్ లీటరుకి 160 కిలోమీటర్లు ఇచ్చింది. ఆ కారు 1959 మోడల్! అంటే అప్పటికే పద్నాలుగేళ్ళ పాతది. పందెం కోసం మార్పులు చేసిన బండి లెండి, పిల్లల్ని ఎక్కించుకుని పెళ్ళికి వెళ్ళేది కాదు. అయినా "పాతదైపోయింది, ఇక ఇంతే ఇస్తుంది" అనే మాట నాకు పూర్తిగా మింగుడు పడకపోవడానికి ఆ ఓపెలే కారణం.

అదే 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు బిగించాయి. పీపా ముడి చమురు మూడు డాలర్ల దగ్గర్నుంచి కొన్ని నెలల్లోనే పన్నెండు డాలర్ల దాకా పోయింది. మన దేశంలో పెట్రోలు, కిరోసిన్ ధరలు ఎంత మండాయంటే, ఆ నవంబరులో వాజ్‌పేయి గారు నిరసనగా ఎడ్లబండి మీద పార్లమెంటుకు వచ్చారు. కారు లేని ఇళ్ళకి తగిలింది కిరోసిన్ దెబ్బ. చరిత్ర రాసేవాళ్ళు పెట్రోలు గురించి రాసినంతగా ఆ క్యూల గురించి రాయరు, ఎందుకంటే అందులో నిలబడింది ఎక్కువగా ఆడవాళ్ళు. అమెరికా మళ్ళీ వేగానికి హద్దు పెట్టింది, ఈసారి 55 మైళ్ళు. మన దగ్గర 1978లో పెట్రోలు పొదుపు కోసం పీసీఆర్ఏ అనే ప్రభుత్వ సంస్థ వచ్చింది. వాళ్ళు చెప్పిన సలహాల్లో ముఖ్యమైనది: గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల మధ్య నడపండి. యుద్ధకాలపు అమెరికా హద్దుకీ దీనికీ తేడా ఒక్క కిలోమీటరు.

అప్పటి మన రోడ్ల మీద ఉన్నవేమిటి? అంబాసిడర్, ఫియట్. టన్ను దాటిన అంబాసిడర్ లీటరుకి పదికి అటూ ఇటూ ఇస్తే గొప్ప. ఈ బండ్లన్నిటికీ కార్బురేటర్ ఉండేది. దాని పని చాలా సాదా: ఇంజను గాలి పీల్చుకుంటుంటే, ఆ గాలి లాగుడికి పెట్రోలు దానంతటదే వచ్చి కలుస్తుంది. అంచనాగా ఉప్పు వేసే చెయ్యి లాంటిది. ఫిల్టర్ మూసుకుపోతే గాలి తగ్గి పెట్రోలు పాలు పెరిగేది, కాబట్టి దులపడం సరైన పనే. చలికి పెట్రోలు సరిగా ఆవిరి కాదు, చోక్ లాగి ఎక్కువ పెట్రోలు పట్టించాలి, వేడెక్కేదాకా ఆగాలి. డౌన్‌లో గేరులో ఉంటే ఇంజను తిరుగుతూ పెట్రోలు పీలుస్తూనే ఉండేది, న్యూట్రల్ చేస్తే కొంత మిగిలేది. ఘాట్ రోడ్డు మీద అలా చేస్తే బ్రేకులు కాగిపోయి పట్టవు. ఆదా పేరుతో ఎందరు ప్రాణాల మీదికి తెచ్చుకున్నారో! కానీ లెక్క వరకూ తప్పు లేదు. మామగారి సూత్రాలన్నీ ఈ బండిని చూసి పుట్టినవే.

1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఒక కొనుగోలుదారుకి అందాయి. 796 సీసీ, మూడు సిలిండర్లు, బరువు అంబాసిడర్‌లో సగం కంటే కాస్త ఎక్కువ. మైలేజ్ అమాంతం పెరగడానికి ఏ చిట్కా అక్కర్లేదు, బరువు తగ్గితే చాలని అది చూపించింది. మా తరం ఆడవాళ్ళలో చాలామంది స్టీరింగ్ పట్టింది కూడా దాని మీదే. అయితే మొదట్లో దానికీ కార్బురేటరే.

అసలు మార్పు 2000 ప్రాంతంలో వచ్చింది. సీసం లేని పెట్రోలు దేశమంతటికీ వచ్చింది, పొగ నియమాలు బిగిశాయి, కొత్త కార్లలో కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. అంచనా చెయ్యి పోయి కొలత చెంచా వచ్చిందన్నమాట. గాలి ఎంత, ఇంజను వేడి ఎంత అని ఒక చిన్న కంప్యూటర్ చూసుకుని పెట్రోలు కొలిచి వదులుతుంది. మీ కారు ఆ తర్వాతిదైతే చిట్కాలు తిరగబడతాయి. పొద్దున నిలబెట్టి వేడి చెయ్యక్కర్లేదు. స్టార్ట్ చేసి నెమ్మదిగా కదిలిపోవడమే మంచిది. డౌన్‌లో గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే పెట్రోలు పూర్తిగా ఆగిపోతుంది. న్యూట్రల్ చేస్తే ఇంజను ఆగకుండా ఉండటానికి పెట్రోలు పోస్తూనే ఉంటుంది. ఫిల్టర్ సంగతి అమెరికాలో ఓక్ రిడ్జ్ ప్రయోగశాల వాళ్ళు 2009లో పరీక్షించారు. ఇంజెక్షన్ కార్లలో ఫిల్టర్ మూసుకుపోతే పికప్ తగ్గింది కానీ మైలేజ్ చెప్పుకోదగ్గంత మారలేదు. ఇంజను మేలు కోసం మార్చుకోండి, పెట్రోలు మిగులుతుందని కాదు.

ఇక థర్మోస్టాట్. మా పద్దుల పుస్తకంలో పాల లెక్క పక్కనే పెట్రోలు లెక్క కూడా ఉంటుంది. ట్యాంకు నింపిన ప్రతిసారీ మీటరు అంకె, లీటర్లు రాస్తాను. ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకుకి తిరిగిన కిలోమీటర్లను పోయించిన లీటర్లతో భాగిస్తే వచ్చేదే నిజమైన మైలేజ్. మాది 2008 మోడల్ చిన్న కారు, ఊళ్ళో 15 తగ్గేది కాదు. ఒక ఏడాది అది 13కి దిగింది, అక్కడే కూర్చుంది. "ముసలిదైంది, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేద్దాం" అన్నారు మా వారు. ఆ ఏడే అమ్మాయి కాలేజీ ఫీజు, పైన కొత్త కారు వాయిదాలంటే నాకు నిద్ర పట్టలేదు. పుస్తకం వెనక్కి తిరగేస్తే, ముసలితనం మే నెలలో ఒక్కసారిగా వచ్చినట్టు తేలింది! ఆ నెల పద్దులో ఇంకో ఖర్చు ఉంది: రేడియేటర్ లీకు, రిపేరు. వేరే మెకానిక్ విప్పి చూస్తే లోపల థర్మోస్టాట్ లేదు.

అది ఒక చిన్న వాల్వ్. ఇంజను తగినంత వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌కి పోనివ్వదు. అంబాసిడర్ల కాలంలో బెజవాడ ఎండకి రేడియేటర్లు ఉడికిపోతుంటే దాన్ని తీసి పారేసేవారు. అప్పట్లో అదొక వైద్యం. ఇంజెక్షన్ కారులో అది లేకపోతే రైతుబజారు దాకా వెళ్ళొచ్చేలోపు ఇంజను వేడే ఎక్కదు. చలిగా ఉందనుకుని కంప్యూటర్ అదనంగా పెట్రోలు పోస్తూ ఉంటుంది. ఎప్పటికీ చోక్ లాగి ఉంచినట్టే. మొదటి మెకానిక్ మోసం చెయ్యలేదు, ఆయన గురువు దగ్గర నేర్చుకున్నది చేశాడు. కొన్ని వందలతో కొత్తది వేయించాం. రెండు నెలల్లో మైలేజ్ 15 దగ్గరికి వచ్చింది. కారు ఉంది, ఫీజూ కట్టాం.

పెట్రోలు ధర పైనుంచి ప్రభుత్వం నిర్ణయించే పద్ధతి 2010 జూన్‌లో పోయింది. 2017 జూన్‌లో రోజూ మార్చే పద్ధతి వచ్చింది, 2021లో వంద దాటింది. ధర పెరిగిన ప్రతిసారీ పెట్రోలు గొట్టానికి తగిలించే అయస్కాంతాలు, ట్యాంకులో వేసే మాత్రలు బయటికొస్తాయి. అమెరికా పర్యావరణ సంస్థ అలాంటివి వందకు పైగా పరీక్షిస్తే, ఏ కొన్నో అతి కొద్దిగా పనిచేశాయి. ఆ డబ్బుతో టైర్లు చూపించుకోవచ్చు.

ఇప్పుడు పాత కార్లకి కొత్త పరీక్ష ఇథనాల్. 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025 నాటికి దేశమంతటా 20 శాతం కలిపిన పెట్రోలే వస్తోంది. ఇథనాల్‌లో లీటరుకి పెట్రోలు కంటే మూడో వంతు శక్తి తక్కువ. అయిదో వంతు కలిపితే మొత్తం మీద పదిహేనో వంతు తగ్గుతుంది. నీతి ఆయోగ్ కమిటీ 2021లో పాత రకం కార్లకి 6 నుంచి 7 శాతం మైలేజ్ తగ్గుతుందని అంచనా వేసింది కూడా. అంటే 15 ఇచ్చే కారుకి ఒక కిలోమీటరు. పాత బండ్లలోని రబ్బరు గొట్టాలకీ, వాషర్లకీ ఇథనాల్ అంతగా పడదు, సర్వీసింగ్‌లో అవి చూడమని మీరే అడగాలి.

ఆ పోయిన కిలోమీటరులో కొంతైనా రాబట్టేవి పాతవే. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కరు మీద ఎంతుందో అంత గాలి, బండి చల్లగా ఉన్నప్పుడు పట్టించాలి. డిక్కీలో ఎప్పటిదో ఇంకా కదలని బియ్యం బస్తా దించాలి. హైవే మీద 100కి బదులు 80. వాటికి తోడు, నేను ముఖ్యంగా చూసేది పనుల వరుస. బ్యాంకుకి ఒకసారి, మందులకి ఒకసారి, కూరలకి ఒకసారి వెళ్తే మూడుసార్లూ చల్లటి ఇంజనే, మూడుసార్లూ అదనపు పెట్రోలే. నేను గురువారం అన్నీ ఒక చుట్టులో పెట్టుకుంటాను, అందరికంటే దూరంగా ఉన్న బ్యాంకు ముందు, ఇంటి దగ్గరున్న మందుల షాపు చివర. పోయిన నెల లెక్క 14.3. రబ్బరు గొట్టాలు వచ్చే సర్వీసింగ్‌లో మార్పించాలి, ఎంతవుతుందో అడిగి పద్దులో రాసుకోవాలి.