మాట చెప్పేది, మీటరు చెప్పేది: పనిచోట పర్యావరణ హిత ప్రవర్తనకు ప్రేరణలు

ఇంట్లో గది దాటితే ఫ్యాను కట్టేసే మనిషే ఆఫీసులో మీటింగు అయ్యాక ఏసీ ఆపకుండా వెళ్లిపోవచ్చు. ఇంటి బిల్లు తన జేబులోంచి పోతుంది, ఆఫీసు బిల్లు యాజమాన్యం కడుతుంది. కాబట్టి ఉద్యోగి చేసే పొదుపుకు సొంత లాభం కాక మరో ప్రేరణ ఏదో ఉండాలి. అది ప్రకృతి మీద మమకారమా, పై అధికారి ఆదర్శమా, తోటివారితో పోటీయా? దీనిపై రెండు రకాల ఆధారాలున్నాయి. ఒకటి ఉద్యోగులను అడిగి రాబట్టినది, రెండోది వారు చేసిన పనిని కొలిచి తేల్చినది. ఈ రెండూ ప్రతిసారీ ఒకే మాట చెప్పవు.

సర్వేల బలం, పరిమితి

పరిశోధనల్లో ఎక్కువ భాగం సర్వేలే. 2013లో జెన్నిఫర్ రాబర్ట్‌సన్, జూలియన్ బార్లింగ్ 139 జతల అధికారులను, వారి కింది ఉద్యోగులను పరిశీలించారు. అధికారి స్వయంగా పర్యావరణ శ్రద్ధ పాటించే చోట కింది ఉద్యోగిలోనూ ఆ ధోరణి ఎక్కువని తేల్చారు. ఇది నమ్మదగిన సూచనే. అయితే రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని చెప్పలేం. శ్రద్ధ ఉన్నవారు అలాంటి అధికారి దగ్గరే కుదురుకుని ఉండవచ్చు. పైగా మంచి అలవాట్ల గురించి అడిగితే ఎవరైనా కాస్త పెంచే చెబుతారు.

కెప్టెన్ల ప్రయోగం

కొలిచి తేల్చిన ఆధారాల్లో బలమైనది బ్రిటన్ నుంచి వచ్చింది. గ్రీర్ గాస్నెల్, జాన్ లిస్ట్, రాబర్ట్ మెట్‌కాఫ్ 2014లో వర్జిన్ అట్లాంటిక్ సంస్థకు చెందిన 335 మంది కెప్టెన్లపై ఎనిమిది నెలలు ప్రయోగం నడిపారు. ఇంధనానికి సంబంధించి కెప్టెన్ చేతిలో ఉన్న మూడు పనులను ఎంచుకున్నారు. బయల్దేరే ముందు విమానం తుది బరువును బట్టి ఇంధనాన్ని సరిచూసుకోవడం, గాల్లో ఉండగా అంచనాను మించకుండా నడపడం, నేల మీదికి దిగాక గేటుకు చేరే దారిలో ఒక ఇంజనైనా ఆపేయడం.

కెప్టెన్లను లాటరీ పద్ధతిలో నాలుగు బృందాలు చేశారు. మొదటి బృందానికి ‘కొలుస్తున్నాం’ అని మాత్రమే చెప్పారు. రెండో బృందానికి నెలనెలా ఎవరి లెక్క వారికి పంపారు. మూడో బృందానికి లెక్కతో పాటు, వారి పాత రికార్డును బట్టి సొంత లక్ష్యాలు ఇచ్చారు. నాలుగో బృందంలో లక్ష్యం చేరుకున్నవారి తరఫున సేవాసంస్థకు విరాళం కూడా వెళ్లేది.

లక్ష్యాలు ఉన్నవారు, లెక్క మాత్రమే అందినవారి కంటే బాగా చేశారు. విరాళం తోడైనందువల్ల ఇంధనం అదనంగా ఆదా కాలేదు గానీ, ఉద్యోగ సంతృప్తి కొంత పెరిగింది. ఏ సాయమూ అందని మొదటి బృందం కూడా మునుపటి కంటే మెరుగుపడింది. తమను గమనిస్తున్నారన్న ఎరుకే ఇందుకు కారణం కావచ్చు. కాకపోతే, ప్రయోగం సంగతే తెలియని బృందం ఒకటి లేదు కనుక ఈ మాటను కొంచెం ఆచితూచి అనాలి.

అడగడం కన్నా అమర్చడం

స్వీడన్‌లోని ఒక పెద్ద విశ్వవిద్యాలయంలో యోహాన్ ఎగెబార్క్, మథియాస్ ఎక్‌స్ట్రోమ్ ప్రింటర్లపై జరిపిన ప్రయోగం 2016లో అచ్చయింది. కాగితం తక్కువ వాడమని చేసిన విజ్ఞప్తి ఫలించలేదు. ప్రింటరును ముందే రెండు వైపులా అచ్చు వేసేలా అమర్చితే మాత్రం కాగితం వాడకం సుమారు 15 శాతం తగ్గింది.

ఈ కిటుకుకూ హద్దుంది. అంతర్జాతీయ ఆర్థిక సంస్థ ఓఈసీడీ కార్యాలయంలో చలికాలంలో గది ఉష్ణోగ్రత ముందస్తు అమరికను 1 డిగ్రీ తగ్గిస్తే, ఉద్యోగులు ఎంచుకున్న ఉష్ణోగ్రత సగటున 0.38 డిగ్రీ తగ్గింది. 2 డిగ్రీలు తగ్గించినప్పుడు చలికి ఓర్వలేక చాలామంది మార్చేసుకున్నారు, దాంతో ప్రభావం చిన్నదైపోయింది. మన దేశంలో 2020 జనవరి 1 నుంచి స్టార్ రేటింగ్ గది ఏసీలు 24 డిగ్రీల అమరికతోనే రావాలన్న నిబంధన వెనుక ఉన్నదీ ఇదే ఆలోచన. ఆఫీసు గదిలో ఆ 24 ఎంతసేపు నిలుస్తుందో రిమోటు పట్టుకున్న చెయ్యే తేలుస్తుంది.

పక్కవారి లెక్క

నెదర్లాండ్స్‌లోని ఒక లోహ పరిశ్రమలో ఒక యూనిట్‌కు దాని ఇంధన వాడకం లెక్క మాత్రమే చూపారు. మరో యూనిట్‌కు మొదటి యూనిట్ లెక్క కూడా చూపారు. 1996లో వెలువడిన ఫలితాల ప్రకారం, పోల్చి చూసుకున్న యూనిటే ఎక్కువ ఆదా చేసింది, ఆరు నెలల తర్వాతా ఆ తేడా నిలిచింది. విశేషమేమిటంటే, ఉద్యోగుల అభిప్రాయాల్లో మాత్రం పెద్ద మార్పు లేదు. అంటే మనసు మారాకే నడత మారుతుందన్న నమ్మకం అన్నిచోట్లా నిలవదు.

మన ఆర్టీసీ డిపోల్లో కేఎంపీఎల్ పేరుతో లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో డ్రైవరు వారీగా చూస్తారు, ముందున్నవారిని సన్మానిస్తారు. పై ఆధారాలను బట్టి ఈ పద్ధతికి దన్నుంది. కానీ బస్సు వయసు, ట్రాఫిక్, ఎక్కిన జనం డ్రైవరు చేతిలో లేవు. ఘాట్ రోడ్డులో నడిపేవారిని హైవేపై నడిపేవారితో పోలిస్తే ప్రేరణ పోయి కక్ష మిగులుతుంది. ఎవరి లక్ష్యాన్ని వారి పాత రికార్డు నుంచే లెక్కగట్టిన కెప్టెన్ల ప్రయోగం ఇక్కడ పనికొచ్చే పాఠం.

ఎంతవరకు నమ్మవచ్చు?

స్పష్టమైన లక్ష్యం, అనువైన అమరిక, కంటికి కనిపించే లెక్క, ఈ మూడూ నడతను మారుస్తాయని చెప్పడానికి తగిన ఆధారం ఉంది. అయితే ఇవన్నీ ఒక్కో సంస్థలో, సంపన్న దేశాల్లో, కొద్ది నెలల పాటు జరిగిన ప్రయోగాలు. పైగా కొలవగలిగే పనులకే వర్తిస్తాయి. గాలి పైపు లీకును ఎవరూ చెప్పకుండానే గుర్తించి సూపర్‌వైజరుకు చెప్పే కార్మికుణ్ణి ఏ ముందస్తు అమరికా తయారు చేయలేదు. అలాంటి చొరవకు శ్రద్ధ, అధికారి ఆదర్శం అవసరమన్న సర్వేల మాటను తోసిపుచ్చడానికి ఈ ప్రయోగాలు చాలవు.

అందుకే పోస్టర్లు అంటించే ముందు ఏ సంస్థయినా కొన్ని నెలల మీటరు రీడింగులు రాసిపెట్టుకోవాలి. కొన్ని అంతస్తుల్లో మార్పు తెచ్చి, కొన్నింటిని యథాతథంగా వదిలి, తేడా చూడాలి. ఖర్చు తక్కువైన ఈ పని చేయకుండా ప్రచారం ఫలించిందని ప్రకటించుకుంటే, ఆ మాటకు ఆధారం ఉండదు.