ఓడల పట్టికలో లేని ఇంటిపేరు

1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అనే ఓడ మదరాసు నుండి 342 మందితో డర్బన్ రేవు చేరింది. అది మొదలు 1911 వరకు నేటాలుకు వచ్చిన గిరిమిటి కూలీలు 1,52,184 మంది. వారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది మదరాసు మార్గాన వచ్చినవారే. గంజాం, విశాఖపట్నం, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు వారిలో ఉన్నారు. మన ముత్తాతలు, తాతమ్మలు వారే.

వచ్చిన ప్రతి మనిషికీ ప్రభుత్వం ఒక నంబరు ఇచ్చింది. ఆ నంబరుకు ఎదురుగా పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఎత్తు, ఒంటిమీది గుర్తులు వ్రాశారు. ఇవి మన చరిత్ర కోసం వ్రాసినవి కావు. కూలీలను తోటలకు పంచడానికీ, పారిపోయినవారిని గుర్తుపట్టడానికీ వ్రాసుకున్నవి. అయినా ఈనాడు మనకు అవే పెద్ద బాలశిక్ష.

ఆ పట్టికలను చరిత్రకారులు కంప్యూటరుకు ఎక్కించారు. ఆచార్య సురేంద్ర భానా 1860–1902 నడుమ వచ్చిన 95,382 మంది వివరాలను లెక్కగట్టి 1991లో ఒక గ్రంథం ప్రచురించారు. నేడు వెస్ట్‌విల్‌లోని గాంధీ–లుతులీ డాక్యుమెంటేషన్ సెంటరు ద్వారా ఓడల పట్టికలు ఇంటర్నెట్‌లో అందరికీ దొరుకుతున్నాయి. ఇంట్లో కూర్చుని వెతుక్కోవచ్చు. ఇది చిన్న మేలు కాదు.

కాని యంత్రం తనకు ఇచ్చినదే తిరిగి ఇస్తుంది. మన ఊళ్ల పేర్లను గుమాస్తాలు తమ చెవికి వినబడినట్లు ఇంగ్లీషులో వ్రాశారు. ఇంగ్లీషులో ట, త రెండింటికీ ఒకే అక్షరం. ణ, న లకు ఒకటే. ళ, ల లకు ఒకటే. అందుచేత ఆ వ్రాతలో ‘కోట’ ఏదో, ‘కొత్త’ ఏదో తెలియక తికమక పడతాము. ఆ ఊరి పేరును సరిగా పలికించడానికి తెలుగు తెలిసిన మనిషి కావాలి.

ఇంకొక లోటు ఇంతకన్న పెద్దది. పట్టికలో ఇంటిపేరుకు గడి లేదు. తెలుగువారికి ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత. ఆ ముందుది రేవులోనే రాలిపోయింది. కొందరికి తాతగారి పేరే ఇంటిపేరైంది, కొందరికి నాయుడు అనే మాట ‘నాయిడూ’గా మారి ఇంటిపేరైంది. అసలు ఇంటిపేరు కొన్ని ఇళ్లలో పెళ్లి పీటల మీద గోత్రంతో పాటు చెప్పుకోవడం వల్లనే బ్రతికి ఉంది. దానిని ఏ విశ్వవిద్యాలయమూ కనిపెట్టలేదు. మీ ఇంటి అవ్వ చెప్పాలి, మీరు వ్రాసుకోవాలి.

అందుచేత సేకరణకు ముందు సంఘం కావాలి. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం వల్ల కేటో మేనర్ వంటి చోట్ల నుండి మనవారిని వెళ్లగొట్టి చాట్స్‌వర్త్ వంటి కొత్త పేటలకు పంపారు. ఇళ్లు కూలినప్పుడు పెట్టెల్లోని కాగితాలు ఎన్నో పోయాయి. మిగిలినవి ఎక్కడున్నాయో ఇరుగుపొరుగుకే తెలుసు.

కాగితాలు చేయి దాటితే తిరిగి రావని కొందరు పెద్దలకు భయం. ఆ భయం న్యాయమైనదే. అమెరికాలో 2008లో వెలసిన సౌత్ ఏషియన్ అమెరికన్ డిజిటల్ ఆర్కైవ్ దీనికి మంచి దారి చూపింది. వారు అసలు కాగితాన్ని ఉంచుకోరు. స్కాన్ చేసుకుని ఇంటివారికే తిరిగి ఇస్తారు. మనమూ అలాగే చేయవచ్చు. కులం గడి వంటి వివరాలను అందరి ఎదుట పెట్టే ముందు ఆ కుటుంబాన్ని అడగడం మర్యాద.

పని పద్ధతి కష్టమేమీ కాదు. పాత ఫొటో వెనుక ఏమి వ్రాసి ఉందో దానినీ స్కాన్ చేయాలి. గుమాస్తా వ్రాసిన పేరును దిద్దకుండా అలాగే ఉంచి, మనకు తోచిన తెలుగు పేరును ప్రక్కన వేరుగా వ్రాయాలి. ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో చేర్చాలి. అప్పుడే రేపటివాడు మన మాటను పరీక్షించగలడు. ప్రతులు ఒకే చోట కాక రెండు మూడు చోట్ల దాచాలి.

1996 నాటి మన రాజ్యాంగం గౌరవించి పెంపొందించవలసిన భాషలలో తెలుగును పేరుపెట్టి చెప్పింది. సంతోషమే. కాని పెట్టె అడుగున ఉన్న పాత ఉత్తరాన్ని రాజ్యాంగం చదివి పెట్టదు. నావలె సాయంకాలపు తరగతులలో కూడబలుక్కుంటూ అక్షరాలు నేర్చుకున్నవారు చదవాలి. చదవలేని చోట పెద్దలను అడగాలి. ఆ పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. పట్టికలోని నంబరు ఇంకో నూరేళ్లయినా ఎక్కడికీ పోదు. అవ్వ నోటిలోని ఇంటిపేరు మాత్రం అంతకాలం ఆగదు. ఈ ఆదివారమే ఒక నోటు పుస్తకం పట్టుకుని ఆమె దగ్గర కూర్చోండి.