లాక్‌డౌన్ కాలపు గాలి: జనం అంచనా

2020 మార్చి 25న భారతదేశంలో కోవిడ్ లాక్‌డౌన్ మొదలయ్యాక గాలి శుభ్రపడిందన్న నమ్మకం జనంలో బలంగా నాటుకుంది. అందుకు కొలిచే యంత్రాలకన్నా కళ్లే ఎక్కువ సాక్ష్యమిచ్చాయి. ఏప్రిల్ మొదట్లో పంజాబ్‌లోని జలంధర్ వాసులకు డాబాల మీంచి హిమాచల్ వైపు ధౌలాధార్ మంచుకొండలు కనిపించాయి. ఆ ఫొటోలు దేశమంతా తిరిగాయి. నమ్మకం చాలావరకు నిజమే. వాహనాలు ఆగడంతో నైట్రోజన్ డయాక్సైడ్ బాగా తగ్గింది, సన్నని ధూళి కణాలూ తగ్గాయి. కంటికి కనిపించని ఓజోన్ మాత్రం అంతగా తగ్గలేదు, కొన్ని నగరాల్లో పెరిగింది కూడా. దాన్ని హరించే నైట్రిక్ ఆక్సైడ్ వాహనాల పొగతోపాటే తగ్గిపోవడం ఇందుకొక కారణం. ఈ సంగతి జనానికి పెద్దగా పట్టలేదు. ఫొటోకు అందేది కాదు మరి. లాక్‌డౌన్‌లోనూ బొగ్గు విద్యుత్కేంద్రాలు పొగ వదులుతూ నడిచాయన్నదీ జనానికి అంతగా పట్టలేదు.