హాంబర్గరు చరిత్రము: మేలైనదాని కొఱకు వెదకులాట

ఊరిలో ఏ హోటలునందు ఏ పదార్థము రుచిగా నుండునో వెదకి తెలిసికొనుట మనుష్యునకు క్రొత్త అలవాటు కాదు. మన తెలుగునందే 'క్రీడాభిరామము' అను వీథీరూపకమున ఇరువురు మిత్రులు కాకతీయుల రాజధానియగు ఓరుగల్లు వీథులలో తిరుగుచు ముచ్చటించుకొను విషయములలో పూటకూటి యింటి భోజనము ఒకటి. ఒక రూకకు అచ్చట ఏమేమి వడ్డింతురో కవి వివరముగా చెప్పెను. అది ఎవరి యింట దొరకునో ఆ గృహస్థుని పేరును కూడ చెప్పెను. ఈ రెండవ మాట గమనింపదగినది. పరులయింట డబ్బిచ్చి తినువానికి రుచి యెంత ముఖ్యమో, వండిన చేయి యెవరిదో తెలియుటయు అంత ముఖ్యము.

ఈ రెండింటికిని గల సంబంధము ఆధునిక యుగమున ఎన్ని విధముల మాఱినదో చూచుటకు అమెరికా సంయుక్త రాష్ట్రములలోని హాంబర్గరు చరిత్రము మంచి ఉదాహరణము. ఇది ప్రధానముగా గోమాంసముతో చేయబడు పదార్థము. మన శ్రోతలలో అనేకులు దీనిని ముట్టరు; కొందఱు పేరైన విన నొల్లరు. అయినను మేము దీనినే ఎన్నుకొనుటకు కారణ మున్నది. ముక్కగా నున్న మాంసమును చూచి కొంత పోల్చుకొనవచ్చును. ఖీమాగా కొట్టిన పిమ్మట అందేమి కలిసినదో కంటికి తెలియదు. కావున హాంబర్గరు తినుట యనగా మొట్టమొదట వండినవానిని నమ్ముట. ఏది మేలైన హాంబర్గరు అని అమెరికనులు తరతరముగా వేసికొనిన ప్రశ్నకు అడుగున ఎవరిని నమ్మవచ్చును అను ప్రశ్నయే దాగియున్నది.

ఈ పేరు జర్మనీలోని హాంబర్గు రేవుపట్టణము నుండి వచ్చినది. పందొమ్మిదవ శతాబ్దమున లక్షలాది ఐరోపా ప్రజలు ఆ రేవున ఓడ లెక్కి న్యూయార్కు చేరిరి. హాంబర్గు నుండి అమెరికాకు ఓడలు నడపిన ప్రసిద్ధమైన సంస్థ 1847లో ఏర్పడినది. సన్నగా కొట్టిన మాంసమును ఉల్లిపాయలతో కలిపి వేయించు వంటకము ఆ శతాబ్దపు చివరి దశాబ్దములలో అమెరికా హోటళ్లలో 'హాంబర్గు స్టేకు' అను పేర వాడుకలోనికి వచ్చెను. అది పళ్లెములో పెట్టుకొని కత్తితోను ముల్లుగరిటెతోను తినునట్టిది. దానిని రెండు రొట్టెముక్కల నడుమ నుంచి చేతికిచ్చిన నాడే నేటి హాంబర్గరు పుట్టినది.

ఆ పని మొదట చేసిన దెవరు? ఈ విషయమున నాలుగు ఊళ్లు గట్టిగా వాదులాడుకొనుచున్నవి. విస్కాన్సిన్ రాష్ట్రమున సేమూరు గ్రామస్థులు 1885 నాటి సంతలో చార్లీ నాగ్రీను అను కుఱ్ఱవాడు అమ్మినదే మొదటిదందురు. న్యూయార్కు రాష్ట్రములోని హాంబర్గు గ్రామమువారు ఆ యేటనే తమ ప్రాంతపు సంతలో మెంచెస్ సోదరులు అమ్మిరందురు. కనెక్టికట్ రాష్ట్రమున న్యూ హేవెన్ నగరమువారు 1900లో లూయీ లాసెన్ తన చిన్న అంగడిలో దీనిని చేసెనందురు. టెక్సాస్ లోని ఏథెన్సువారు తమ యూరి ఫ్లెచర్ డేవిసు పేరు చెప్పి, 1904 నాటి సెంట్ లూయీ మహాప్రదర్శనమును సాక్ష్యమునకు తెత్తురు. వీనిలో ఏదియు నిస్సంశయముగా తేలలేదు. అయితే ఈ వాదములన్నిటిలోను ఒక్క అంశము సమానముగా నున్నది. కూర్చుండి తినుటకు తీరికలేని మనుష్యుడు ఒకడు, వానికి చేతిలో పట్టుకొని పోదగిన ఆహారము ఈయదలచిన వర్తకుడు ఒకడు. సంతలు, కర్మాగారములు, రైళ్లు పెరిగిన కాలమున ఈ పదార్థము పలుచోట్ల ఒకేసారి పుట్టియుండుట ఆశ్చర్యము కాదు.

ఇట్లు పుట్టిన హాంబర్గరునకు తొలిరోజులలో మంచిపేరు లేదు. కర్మాగారముల గుమ్మములయొద్దను, తిరునాళ్లలోను పేదవారు కొని తిను తిండి యని గౌరవస్థులు దూరముగా నుండిరి. ఇంతలో 1906లో అప్టన్ సింక్లేరు వ్రాసిన 'ది జంగిల్' అను నవల వెలువడెను. చికాగో కసాయిశాలలలో శ్రామికులు పడు బాధలను లోకమునకు తెలుపవలెనని ఆయన ఉద్దేశము. పాఠకులు శ్రామికుల కష్టములకంటె తమ భోజనమునందు కలియుచున్న మాలిన్యమునకే ఎక్కువ బెదరిరి. ఆ సంవత్సరము జూన్ 30వ తేదీన అధ్యక్షుడు థియొడోరు రూజ్వెల్టు మాంసపరీక్షా శాసనముపైనను, ఆహార ఔషధ శాసనముపైనను సంతకము చేసెను. ప్రభుత్వపు తనిఖీ వచ్చినది గాని, కొట్టిన మాంసముపై జనుల అనుమానము వెంటనే పోలేదు.

ఆ అనుమానమును పోగొట్టుటయే వ్యాపారరహస్యమని కనిపెట్టినవారు కాన్సాస్ రాష్ట్రమందలి విచిటా నగరమునందు కానవచ్చిరి. వాల్టరు ఆండర్సను అను వంటవాడు 1916లో అచ్చట చిన్న అంగడి పెట్టి, ఖీమాను పలుచగా అదిమి, ఉల్లిపాయలతో వేడిపెనముపై త్వరగా కాల్చి, గుండ్రని బన్నులో పెట్టి అమ్ముచుండెను. 1921లో ఇన్‌గ్రామ్ అను వ్యాపారి ఆయనతో భాగస్వామియై 'వైట్ కాసిల్' అను పేర హోటళ్లు నెలకొల్పెను. 'వైట్' అనగా స్వచ్ఛత, 'కాసిల్' అనగా కోటవంటి స్థిరత్వము. గోడలు తెల్లన, వంటవారి దుస్తులు తెల్లన, పెనము కొనువాని కన్నుల యెదుట. వెల ఐదు సెంట్లు. ఏ యూరి అంగడికి పోయినను కట్టడమొకటే, రుచియొకటే. 1930లో ఆ సంస్థ ఖర్చుతో మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఒక వైద్యవిద్యార్థి 13 వారములు హాంబర్గరులు, మంచినీరు తప్ప మఱేమియు పుచ్చుకొనక ఆరోగ్యముగా నుండెనని నిరూపించి, ఆ సంగతిని విరివిగా ప్రచారము చేసిరి. నేటి పోషకాహార శాస్త్రజ్ఞు లెవ్వరును దీనిని మంచి ప్రమాణముగా నంగీకరింపరు. అయినను జనుల భయము ఎంత లోతైనదో, దానిని తీర్చుటకు వర్తకు లెంత దూరము పోయిరో ఈ ప్రయోగము తెలుపుచున్నది. ఆ నాడు మేలైన హాంబర్గరు అనగా శుభ్రమైనది, నిన్నటివలెనే నేడును ఉండునది.

ఈ ఒకేతీరుతనమును పరాకాష్ఠకు తెచ్చినవారు కాలిఫోర్నియాలోని రిచర్డు, మారిసు మెక్‌డోనాల్డు సోదరులు. వారు 1940లో సాన్ బెర్నార్డినోలో హోటలు పెట్టిరి. 1948లో బాగుగా నడచుచున్న ఆ వ్యాపారమును కొన్ని నెలలు మూసివైచి, వంటకముల జాబితాను తొమ్మిదింటికి తగ్గించిరి. వడ్డించువారిని, పింగాణి పళ్లెములను మానివైచిరి. వంటింటి పనిని చిన్న చిన్న భాగములుగా పంచిరి. ఒకడు కాల్చును, ఒకడు బన్నును సిద్ధపఱచును, ఒకడు కాగితమున చుట్టును. వెల 15 సెంట్లు. 1955లో రే క్రాక్ ఆ పద్ధతిని తీసికొని ఇల్లినాయ్ రాష్ట్రమందలి డెస్ ప్లెయిన్సులో తన మొదటి శాఖ తెఱచెను. 1961లో 27 లక్షల డాలర్లిచ్చి సోదరుల హక్కులన్నియు కొనివైచెను. అప్పటి లెక్క చొప్పున పౌను మాంసమునకు పది బిళ్లలు. వేళ, వేడిమి, ఉప్పు అన్నియు ముందుగా నిర్ణయింపబడినవే.

దీనివలన కలిగిన లాభమును కాదనరాదు. సామాన్య కుటుంబము, చంటిపిల్లలతో సహా, వెఱపులేక తక్కువ వెలకు బయట తినగలిగెను. కాని ఇందు ఒకటి పోయినది. పెనము ముందు నిలుచువానికి వంట వచ్చియుండ నవసరము లేకపోయెను. నేర్పు మనుష్యుని చేతిలోనుండి నియమావళిలోనికి పోయినప్పుడు, ఆ మనుష్యుని జీతమును తగ్గును, గౌరవమును తగ్గును. ఏ హాంబర్గరు మేలైనదని అడుగుట కూడ అర్థములేని ప్రశ్న యయ్యెను. అన్నియు ఒకటే యైనప్పుడు వెదకవలసిన పని యేమి?

మనుష్యుని నాలుక ఈ సమాధానముతో తృప్తిపడలేదు. 2001లో డేనియల్ బూలూ అను ఫ్రెంచి పాకశాస్త్రజ్ఞుడు న్యూయార్కు నగరములోని తన హోటలున హాంబర్గరు నడుమ నెమ్మదిగా ఉడికించిన ప్రక్కటెముకల మాంసమును, బాతు కాలేయమును నింపి 25 డాలర్లకు మించిన వెలకు అమ్మెను. పత్రికలలో పెద్ద అలజడి రేగినది. పేదవాని తిండికి ఇంత వెలయా యని కొందఱు, చేతిపనికి మరల విలువ వచ్చినదని కొందఱు. 2004లో డానీ మేయరు అదే నగరమున మాడిసన్ స్క్వేరు ఉద్యానమునందు చిన్న అంగడి తెఱచి, మధ్యరకపు వెలకే శ్రద్ధగా చేసిన హాంబర్గరు నమ్మగా జనులు బారులు తీర్చి నిలిచిరి. అప్పటినుండి ఏ పట్టణమునకు పోయినను ఇచ్చట ఉత్తమమైనది ఏది యని వెదకుట అమెరికనులకు ఒక వినోదమైనది. ఏ భాగపు మాంసము, ఎంత క్రొవ్వు, ఎవరు కాల్చిన బన్ను అని విచారింతురు. ఓరుగల్లు పథికుని ప్రశ్న ఈ విధముగా మరల తలయెత్తినది.

అయితే ఈ వెదకులాటయందు ఒక ప్రమాదమును దాగియున్నది. మాంసపు ముక్కపై సూక్ష్మజీవులు పైభాగముననే యుండును. పెనము తగిలినంతనే అవి చచ్చును. ఖీమా కొట్టునప్పుడు పైనున్నది లోపలికి పోవును. అనేక పశువుల మాంసము ఒకటిగా కలియును. కావున లోపల కూడ 71 సెంటీగ్రేడు డిగ్రీల వేడిమి తగులువఱకు కాల్చవలెనని అమెరికా వ్యవసాయశాఖ గృహస్థులకు చెప్పుచున్నది. 1993లో పశ్చిమ రాష్ట్రములలోని ఒక హోటళ్ల శ్రేణిలో చాలినంత కాల్చని హాంబర్గరుల వలన 700 మందికి పైగా జబ్బుపడిరి. నలుగురు పిల్లలు మరణించిరి. మఱుసటి యేడు ఆ వ్యాధికారకమగు సూక్ష్మజీవి యున్న ఖీమాను కల్తీసరకుగా ప్రభుత్వము ప్రకటించెను. అంతకుముందు అట్టి నిషేధము లేకుండెను. రుచి తెలిసినవారమని చెప్పుకొనువారు లోపల ఎఱ్ఱగా నున్న హాంబర్గరునే కోరుదురు. దానిని నిర్భయముగా తినవలెనన్నచో మాంసము ఎచ్చట, ఎప్పుడు, ఎవరు కొట్టిరో తెలియవలెను. వెల పెరిగినంత మాత్రమున ఆ తెలివి రాదు.

ఈ విషయము మన దేశీయులకును తగిలినది. అమెరికాలో స్థిరపడిన భారతీయులలో తెలుగువారి సంఖ్య తక్కువ కాదు. పిల్లలు బడి స్నేహితులతో హాంబర్గరు హోటలునకు పోయినప్పుడు శాకాహార కుటుంబములకు వేయించిన బంగాళాదుంపలే దిక్కు. మెక్‌డోనాల్డు సంస్థ 1990లో తాము ఇకపై వృక్షజమగు నూనెనే వాడుదుమని ప్రకటించియుండెను. ఆ దుంపలకు చేర్చు రుచిద్రవ్యమున గోమాంససంబంధమగు పదార్థ మున్నదని పిమ్మట వెల్లడియగుటచే, 2001లో సియాటిల్ నగరమున శాకాహారుల పక్షమున, హిందువుల పక్షమున దావా వేయబడెను. 2002లో సంస్థ క్షమాపణ చెప్పి, శాకాహార, ధార్మిక సంస్థలకు కోటి డాలర్లు చెల్లించుట కంగీకరించెను. ధనముతో కొంత తీరినది. తెలియక తినినవారి మనస్సున కలిగిన నొప్పికి మాత్రము వెల కట్టుట కష్టము. నూనె మాఱినదని చెప్పిన మాట నిజమే. చెప్పకుండ మిగిల్చిన మాటయే వారిని బాధించినది.

ఇదే సంస్థ 1996లో ఢిల్లీలో తన తొలి శాఖను తెఱచినప్పుడు గోమాంసమును పూర్తిగా విడిచిపెట్టెను. శాకాహారమునకు వేఱు చోటు, వేఱు పాత్రలు ఏర్పఱచెను. కాలక్రమమున బంగాళాదుంప టిక్కీతో చేసిన బర్గరు మన పట్టణములలో ఇంటింటి పిల్లలకు పరిచితమైనది. హాంబర్గునుండి బయలుదేఱిన పదార్థమున తుదకు హాంబర్గు మాంసము లేదు, పేరులోని తొలి భాగము కూడ లేదు; బన్ను మాత్రము మిగిలినది. అయినను ఈ మార్పు సాధ్యమైనది మన వారి అడుగు అలవాటు వలననే. ఇందేమున్నది, దేనితో వేయించిరి, ఏ గరిటె వాడిరి అని మన పెద్దలు అడుగుట చాదస్తమని చిన్నవారు నవ్వవచ్చును. ఆ ప్రశ్నకు జవాబు చెప్పక తప్పని స్థితి వచ్చినప్పుడే పెద్ద సంస్థయైనను తన వంటింటిని మార్చుకొనినది.

న్యూ హేవెన్ లోని లాసెన్ వంశీయుల అంగడి నేటికిని నడచుచున్నది. 1975లో పట్టణ పునర్నిర్మాణమునకై ఆ చోటు ఖాళీ చేయవలసిరాగా కట్టడమునే ఎత్తి వేఱొకచోటికి తరలించిరి. ఏ రోజు మాంసము ఆ రోజే కొట్టుదురు; నిలువుగా నుండు పాత ఇనుప పొయ్యిలలో కాల్చుదురు; బన్నునకు బదులు రొట్టెముక్కలే వాడుదురు; టమాటా పులుసు అడిగినను ఈయరు. అదియే దేశమున కెల్ల ఉత్తమమైన హాంబర్గరు అని మేము చెప్పజాలము. నాలుకలు వేఱు గనుక తీర్పులును వేఱు. తన యూరిలో మేలైన హోటలు వెదకు గృహస్థునకు మేము చెప్పదగినది ఇంతమాత్రమే. రుచిని గూర్చి పదిమందిని అడుగవచ్చును. వంటింటిలోనివారిని మాత్రము స్వయముగా అడుగవలెను. విసుగుకొనక జవాబు చెప్పు చోట కూర్చుండి తినవలెను.