ఎడమ మెదడు, కుడి మెదడు.. ఓ ముద్ర కథ

మా బోనకల్లు వైపు ఎవరికైనా పక్షవాతం వచ్చిందంటే అడిగే మొదటి ప్రశ్న "ఏ పక్క పడింది?". వెంటనే రెండోది, "మాటొస్తుందా?". ఈ రెండిటికీ లంకె ఉందని వైద్యులు తేల్చింది 1860ల్లో.

1861లో పారిస్ దగ్గర బిసెత్ర్ ఆసుపత్రిలో లెబోర్న్ అనే రోగి ఉండేవాడు. ఏమడిగినా "టాన్ టాన్" అనడమే. ఎదుటివాళ్ళ మాట మాత్రం చాలావరకు అర్థమయ్యేది. అతను చనిపోయాక బ్రోకా అనే సర్జన్ చూస్తే మెదడు ఎడమవైపు ముందు భాగం దెబ్బతిని ఉంది. మరికొన్ని కేసులు చూశాక, మనం మాట్లాడేది ఎడమ మెదడుతోనని 1865లో రాశాడు. ఎడమ మెదడు నడిపేది కుడి చెయ్యినీ, కుడి కాలునీ. కాబట్టి కుడిపక్క పడితే మాట పోయే ప్రమాదం ఎక్కువన్నమాట.

తర్వాత 1960ల్లో అమెరికాలో రోజర్ స్పెర్రీ. మూర్ఛ తగ్గడానికని రెండు సగాల మధ్య వంతెన కోయించుకున్న కొద్దిమందిని పరీక్షించాడు. చూపుకి ఎడమవైపు ఓ వస్తువు పేరు తళుక్కుమనిపిస్తే "ఏమీ కనబడలేదు" అనేవారు. కానీ ఎడమ చెయ్యి మాత్రం సరిగ్గా ఆ వస్తువునే వెతికి పట్టుకునేది! దీనికి 1981లో నోబెల్ వచ్చింది.

ఇంతవరకు సైన్సే. చిక్కంతా ఆ తర్వాతే. 1970ల నుంచి ఇది పుస్తకాల్లోకి, ట్రైనింగుల్లోకి ఎక్కి "లెక్కల వాళ్ళది లెఫ్ట్ బ్రెయిన్, బొమ్మలేసేవాళ్ళది రైట్ బ్రెయిన్" అయిపోయింది. పనులు పంచుకున్నది మెదడు, దాంతో మనం పంచింది మనుషుల్ని! 2013లో యూటా యూనివర్సిటీ వాళ్ళు 1011 మంది స్కాన్లు చూస్తే, మొత్తంగా ఒక సగమే బలంగా ఉన్న మనుషులనే తేడా కనబడలేదు.

మన హైదరాబాదు సంగతి ఇంకా ఆసక్తికరం. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 608 మంది స్ట్రోక్ రోగుల రికార్డులు పరిశీలించి 2016లో ప్రచురించింది. స్ట్రోక్ తర్వాత కూడా ఆలోచనాశక్తి మామూలుగా ఉన్నవాళ్ళు రెండు, అంతకన్నా ఎక్కువ భాషలొచ్చిన వాళ్ళలో 40.5 శాతం, ఒకే భాష వాళ్ళలో 19.6 శాతం. మాట దెబ్బతినడం మాత్రం ఇద్దరిలోనూ దాదాపు సమానమే! అంటే భాషలు మార్చి మార్చి వాడటం వల్ల వచ్చే లాభం ఒక్క మాటల కేంద్రానికే పరిమితం కాదని అనుకోవచ్చు. ఆ లెక్కన ఇంట్లో లంబాడీ, బజార్లో తెలుగు, బళ్ళో ఇంగ్లీషు మాట్లాడే మా తండా పిల్లల్ని "ఇంట్లో ఆ భాషెందుకు" అని కసరడం ఎంత అన్యాయమో చూడండి.

"వీడిది రైట్ బ్రెయినండీ, లెక్కలు రావు" అని ఏడో క్లాసు పిల్లాడి మీద ముద్ర వేసేముందు ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. స్పెర్రీ చూసింది వంతెన తెగిన వాళ్ళని. ఈ పిల్లాడి బుర్రలో సుమారు 20 కోట్ల నరాల పోగులతో ఆ వంతెన నిక్షేపంలా ఉంది.