ప్రాచీన అస్థిపంజరాలు: లింగం, జెండర్, వ్యాధి

తవ్వకాల్లో బయటపడిన మానవ అస్థిపంజరాలను పరిశీలించి ఆ మనుషులు ఆడవారా మగవారా, వారి సమాజం ఆడ మగ తేడాను ఎలా పాటించింది, ఏ జబ్బులు వారిని పీడించాయి అన్నవి తేల్చే అధ్యయనం జీవపురావస్తు శాస్త్రంలో ముఖ్యమైన శాఖ. శరీర నిర్మాణాన్ని బట్టి తెలిసేది జీవలింగం. సమాజం ఆ వ్యక్తికి అప్పగించిన పని, వేషం, హోదా కలిస్తే జెండర్. మొదటిదానికి సాక్ష్యం ఎముకల్లోనే ఉంటుంది. రెండోదానికి ఎముకల అరుగుదలను, సమాధిలోని వస్తువులను, శవాన్ని పడుకోబెట్టిన తీరును కలిపి చూడాలి. ఈ రెంటినీ ఒకటిగా లెక్కగట్టినంత కాలం పరిశోధకులు కత్తి కనిపిస్తే మగవాడని, పూసలు కనిపిస్తే ఆడమనిషని రాసుకుంటూ పోయారు. ఆ రాతలు ఇప్పటికీ చాలా మ్యూజియం చీటీల మీద ఉన్నాయి.

లింగ నిర్ధారణ

పెద్దవారి విషయంలో అన్నిటికన్నా నమ్మదగినవి కటి ఎముకలు. కాన్పుకు అనువుగా స్త్రీల కటి వెడల్పుగా ఉంటుంది. ముందువైపు రెండు ఎముకలు కలిసేచోట కింది కోణం స్త్రీలలో విశాలం, పురుషుల్లో ఇరుకు. 1969లో ఫెనిస్ అనే శాస్త్రవేత్త ఆ ముందుభాగపు ఎముక మీద మూడు గుర్తులను ఎంచి చూపాడు. నేటికీ వాటినే ప్రమాణంగా తీసుకుంటారు. పుర్రెలో కనుబొమల దగ్గరి గట్టు, చెవి వెనకాల బుడిపె, గడ్డపు ఎముక ఆకారం చూస్తారు కానీ పుర్రె ఒక్కదాన్నే నమ్ముకుంటే పొరపడే అవకాశం ఎక్కువ. 1972లో కెన్నెత్ వైస్ అప్పటిదాకా అచ్చయిన నివేదికలను తిరగేసి, వాటిలో మగవారి సంఖ్య సుమారు 12 శాతం మేర ఎక్కువగా పడిందని చూపాడు. ఎటూ తేలని ఎముకలను పరిశోధకులు మగవారి ఖాతాలో వేసేవారన్నమాట.

యుక్తవయసు రాని పిల్లల ఎముకల్లో ఈ తేడాలు స్పష్టంగా ఏర్పడవు. అందుకే చాలాకాలం పిల్లలను 'లింగం తెలియదు' అన్న గడిలోనే ఉంచారు. ఇప్పుడు పంటి ఎనామిల్‌లోని అమెలోజెనిన్ ప్రొటీన్ ఆ లోటు తీరుస్తోంది. ఎక్స్, వై క్రోమోజోములు ఈ ప్రొటీన్‌ను కాస్త వేర్వేరు రూపాల్లో తయారుచేస్తాయి. వై రూపం కనిపిస్తే ఆ పన్ను మగవారిది. వేడి ప్రదేశాల్లో డీఎన్‌ఏ త్వరగా శిథిలమవుతుంది, ఎనామిల్ ప్రొటీన్ అంత సులువుగా చెడదు. ఉష్ణదేశాల పురావస్తు శాస్త్రానికి ఇంతకన్నా పనికొచ్చే పద్ధతి ఇటీవల మరొకటి రాలేదని చెప్పవచ్చు.

సమాధి సామగ్రి, జెండర్

స్వీడన్‌లోని బిర్కా దగ్గర 1878లో యాల్మర్ స్టోల్పే తవ్విన పదో శతాబ్దపు సమాధిలో కత్తి, గొడ్డలి, ఈటెలు, బాణాలు, డాళ్లు, రెండు గుర్రాలు, ఆటకాయలు దొరికాయి. వైకింగ్ యోధుడి సమాధికి ఇది నమూనాగా పుస్తకాలకెక్కింది. ఎముకలను చూసి ఇది స్త్రీదని 1970లలోనే ఒక నిపుణురాలు అన్నా ఎవరూ పట్టించుకోలేదు. 2017లో డీఎన్‌ఏ పరీక్ష ఆమె మాటనే నిలబెట్టింది. అప్పుడు వచ్చిన ప్రశ్నలు గమనించదగ్గవి: ఎముకలు తారుమారయ్యాయేమో, ఆయుధాలు ఆమెవి కావేమో అని. మగవాడి సమాధి అనుకున్నన్నాళ్లూ ఈ ప్రశ్నలు దాదాపుగా వినిపించలేదు. ఆయుధాలు పక్కన ఉన్నంత మాత్రాన ఆమె యుద్ధం చేసిందని రుజువైనట్టు కాదు, నిజమే. అదే జాగ్రత్త మగవారి సమాధులకూ వర్తించాలి.

స్పెయిన్‌లోని సెవిల్ సమీపాన వాలెన్సినాలో 2008లో ఏనుగు దంతంతో, విలువైన వస్తువులతో ఒక సమాధి బయటపడింది. కాలం సుమారు 4,800 సంవత్సరాల కిందటిది. అందులో ఉన్నది యువకుడనుకున్నారు. 2023లో పంటి ప్రొటీన్ ఆ వ్యక్తి స్త్రీ అని తేల్చింది. ఆ ప్రాంతంలో ఆ కాలానికి అంతటి ఘనమైన ఏకవ్యక్తి సమాధి మరొకటి తెలియదు. ఫిన్లాండ్‌లోని సువోంటాకాలో 1968లో దొరికిన మధ్యయుగ సమాధిలో స్త్రీల వేషపు నగలు, కత్తి కలిసి ఉన్నాయి. అక్కడి వ్యక్తికి రెండు ఎక్స్, ఒక వై క్రోమోజోములు ఉండి ఉండవచ్చని 2021 అధ్యయనం సూచించింది. ఆ ఊరివారు ఆ మనిషిని గౌరవంగానే సాగనంపారని సమాధి చూస్తే తెలుస్తుంది.

పని, జబ్బు

సిరియాలో యూఫ్రటీస్ ఒడ్డున ఉన్న అబూ హురేరా ఇప్పుడు జలాశయం కింద మునిగిపోయింది. తొలి వ్యవసాయపు రోజుల నాటి ఆ ఊరి ఎముకలను థియా మాలిసన్ పరిశీలించింది. కాలి బొటనవేలి కీళ్లు అరిగి, మోకాళ్లు, నడుము దగ్గరి పూసలు దెబ్బతిని ఉన్నాయి. మోకాళ్ల మీద కూర్చుని, వేళ్లు మడిచి, పల్లపు రాతి మీద గింజలను గంటల తరబడి ముందుకూ వెనక్కూ నూరడం వల్ల ఇలా అయిందని ఆమె నిర్ణయించింది. ఇవి ఎక్కువగా స్త్రీల ఎముకల్లోనే కనిపించాయి. ధాన్యం తిండితో పాటు చాకిరీ ఎవరి మీద పడిందో తెలిపే తొలి సాక్ష్యాల్లో ఇదొకటి. కీళ్ల అరుగుదలకు వయసు, శరీర బరువు కూడా కారణాలే కనుక ప్రతి మార్పునూ ఒకే పనికి ముడిపెట్టకూడదని తర్వాతివారు హెచ్చరించారు.

పిప్పిపళ్లు చాలా సమాజాల్లో ఆడవారికే ఎక్కువ. తిండిలో తేడాతో పాటు గర్భధారణ, హార్మోన్లు, లాలాజలంలో మార్పులు ఇందుకు కారణమని, వ్యవసాయంతో కాన్పులు పెరగడంతో ఈ అంతరం మరింత పెరిగిందని జాన్ లూకాక్స్ 2008లో వాదించాడు. భారతదేశపు ప్రాచీన దంతాల మీద దీర్ఘకాలం పనిచేసినవాడు కనుక ఆ వాదానికి బలం ఉంది.

ఎముక మీద మచ్చ పడాలంటే జబ్బు నెలలు, ఏళ్లు కొనసాగాలి. క్షయ వెన్నుపూసలను కూల్చి గూని తెస్తుంది. కుష్ఠు ముక్కు చుట్టూ ఎముకను, వేళ్ల చివరలను తినేస్తుంది. కలరా, ప్లేగు వంటివి ఎముకను తాకకముందే ప్రాణం తీస్తాయి. అంటే మచ్చలున్న ఎముక జబ్బును తట్టుకుని కొన్నాళ్లు బతికిన మనిషిది, మచ్చల్లేనిది వెంటనే చనిపోయినవారిదీ కావచ్చు. జేమ్స్ వుడ్, తోటి పరిశోధకులు 1992లో ఎత్తిచూపిన ఈ చిక్కును పట్టించుకోకుండా ఆడవారిలో మచ్చలు ఎక్కువ, కనుక వారే బలహీనులు అనడం తొందరపాటు.

భారత ఉపఖండంలో

రాజస్థాన్‌లోని బాలాథల్‌లో దొరికిన దాదాపు 4,000 ఏళ్ల నాటి మగమనిషి అస్థిపంజరంలో కుష్ఠు ఆనవాళ్లను 2009లో ప్రకటించారు. హరప్పా శ్మశానాలను పరిశీలించిన గ్వెన్ రాబిన్స్ షుగ్ బృందం పుర్రె గాయాల తీరులో జెండర్, ఏ సమూహానికి చెందినవారన్నది రెండూ కనిపిస్తాయని చెప్పింది. నగరం క్షీణించిన కాలంలో కుష్ఠు, క్షయ పెరిగినట్టు కూడా గుర్తించింది.

హిమాలయాల్లోని రూప్‌కుండ్ సరస్సు దగ్గర దొరికిన మనుషుల ఎముకల మీద 2019లో అచ్చయిన పరిశోధనలో హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ (సీసీఎంబీ) శాస్త్రవేత్తల పాత్ర ముఖ్యం. 38 మంది డీఎన్‌ఏ చూస్తే 23 మంది పురుషులు, 15 మంది స్త్రీలు. సైన్యం ఒకటి అక్కడ చిక్కుకుని చనిపోయిందన్న పాత ఊహకు ఈ లెక్క సరిపడదు. అంటురోగం తెచ్చే బాక్టీరియా జాడ కూడా దొరకలేదు. పైగా వారంతా ఒకేసారి చనిపోలేదు, కొందరికీ మరికొందరికీ మధ్య సుమారు వెయ్యేళ్ల దూరం ఉంది.

తెలుగు నేల మీద రాకాసిగుళ్లని జనం పిలుచుకునే బృహత్ శిలా సమాధుల్లో ఇనుప కత్తులు, బల్లేలు, కుండలు దొరుకుతాయి. ఎముకలు మాత్రం చాలాచోట్ల ఏరి తెచ్చి పెట్టినవి, ఒకే గుంతలో పలువురివి కలిసిపోయి ఉంటాయి. చెదిరిన కటి ఎముకతో లింగం తేల్చడం కష్టం. పళ్లు మాత్రం ఎముకల కన్నా గట్టిగా నిలుస్తాయి కనుక, అమెలోజెనిన్ పరీక్షతో ఒక్కో పన్నునూ విడిగా ఆడా మగా అని గుర్తించవచ్చు. అది జరిగేదాకా ఇనుము దొరికిన గుంతను వీరుడి సమాధి అనడానికి ఆధారం లేదు.