ఆదివారం పేరు, ఆఫీసు పేరు

మా ఇంట్లో మనిషికి రెండు పేర్లు. ఆదివారం పేరొకటి, ఆఫీసు పేరొకటి. గుళ్ళో అయ్యగారు నెత్తిన నీళ్ళు పోసి పెట్టింది మొదటిది. బళ్ళో చేర్చేటప్పుడు మా నాయన రాయించింది రెండోది. తడ బజారులో ఎవరన్నా మొదటి పేరుతో గట్టిగా పిలిస్తే మాయమ్మ చుట్టూ చూసేది, ఎవరు విన్నారో అని.

1990లో నేను పదో తరగతి పాసైనాను. ఆ ఏడు ఈస్టర్ ఏప్రిల్ 15న వచ్చింది. చీకటితోనే లేచి మాలపల్లె అంతా సమాధుల దొడ్డికి పోయినాం. సున్నం కొట్టిన సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించి, ప్రభువు లేచినాడని పాడుకున్నాం. జూన్‌లో కుల సర్టిఫికెట్ కోసం నాయన నన్ను వెంటబెట్టుకొని ఆఫీసుకు పోయినాడు. కుర్చీలో ఉన్నాయన తలెత్తకుండానే అడిగినాడు.

"మీరు కిరస్తానీలా?"

"కాదు సార్."

"ఆదివారం చర్చికి పోతారంట గదా?"

"లేదు సార్, ఆడోళ్ళేదో..."

"ఇంట్లో ఏసు పటం ఉందంట?"

"అట్లాంటిదేం లేదయ్యా."

మూడుసార్లు. కోడి కూయలేదు. కాగితం మీద సీలు పడింది.

ఆ తర్వాత చాన్నాళ్ళు నాయన ప్రభు భోజనానికి ముందుకు పోలేదు. వెనక గోడకు ఆనుకొని కూర్చునేవాడు. చదువురాని మా అవ్వ చూసి చూసి ఒకనాడు అనింది: "ఎందుకురా కుములుతావు? పేతురు కూడా ఆ మాటే గదా అనింది! అట్లాంటోడికే గదా సామి గొర్రెల్ని అప్పజెప్పింది!"

మా అవ్వకు తెలిసిన ఈస్టర్ అది. లేచిన ప్రభువు రాజుల దగ్గరికి పోలేదు. సరస్సు ఒడ్డున నిప్పులు చేసి, చేపలు కాల్చి, రాత్రంతా వల వేసి అలిసినోళ్ళకు తిండి పెట్టినాడు. మూడుసార్లు అబద్ధమాడినవాణ్ణే మూడుసార్లు అడిగి పని అప్పజెప్పినాడు. పులికాట్ ఒడ్డున బతికే మాకు ఆ చేపల వాసన కొత్తగాదు.

నాయన నోట ఆ అబద్ధం పలికించిన కాగితం ఢిల్లీలో పుట్టింది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, మూడో పేరా. హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్తుడు కాడని అందులో ఉంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ అడ్డు తీసేశారు. నాయన అబద్ధమాడిందీ ఆ 1990లోనే. క్రైస్తవుడైన మాలకూ మాదిగకూ మాత్రం మన రాష్ట్రంలో దక్కింది బి.సి.-సి, ఒక్క శాతం. టీకొట్లో మాకు వేరే గ్లాసు పెట్టినోడు ఏనాడూ బాప్తిస్మం కాగితం అడగలేదే!

కూటికోసం మతం మారినోళ్ళని మమ్మల్ని అంటారు. ఆ మాట అనేవాళ్ళు బకింగ్‌హాం కాలవ కథ తెలుసుకోవాల. మా పులికాట్ గుండా ఉత్తరానికి పోయే ఈ ఉప్పునీటి కాలవలో కరువు కూలీల చెమట ఉంది. 1876-78 ధాత కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలితో వచ్చినోళ్ళకు పని పెట్టి కూలి ఇచ్చాడు. కరువు నడిచిన కాలంలో, దాదాపు పదిహేను నెలలు, అడిగినోళ్ళకు కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. కూటికోసం వచ్చారనే మాట పడకూడదని. ఇంక ఇచ్చేదేమీ లేదని చెప్పినా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది నీళ్ళలో మునిగి లేచారు. ఎక్కువమంది మాదిగలు.

అయితే దీన్ని దొర కథగా చెప్పుకోవడం నాకు నచ్చదు. ఆ జనాన్ని ముందే కదిలించింది ఎర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ బేరం చేసే మాదిగ. యోగం నేర్చి, దేవుణ్ణి వెతుక్కుంటూ తిరిగినవాడు. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకొని, బేరానికి తిరిగిన ఊళ్ళల్లోనే చుట్టాలకు ఆ సంగతి చెప్పుకుంటూ పోయాడు.

మా వైపు లూథరన్లు. 1860ల నడిమిలో జర్మనీ నుంచి హెర్మన్స్‌బర్గ్ మిషన్ సూళ్ళూరుపేట, నాయుడుపేట ప్రాంతానికి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంతో జర్మన్లు పోయి, అమెరికా ఒహాయో సినడ్ వాళ్ళొచ్చారు. దాని వారసురాలే ఇప్పటి దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం. మా పల్లెలో అక్షరం దిద్దించింది మాత్రం ఏ దొరా కాదు, మా కులపోడైన ఉపదేశి. పగలు పిల్లలకు అఆలు, రాత్రి గుడ్డిదీపం కింద పెద్దోళ్ళకు పాటలు. ఆయన జీతమెంతో మా అవ్వకు తెలీదు గానీ, ఇంటింటా పిడికెడు బియ్యం తీసిపెట్టిన సంగతి మాత్రం చెప్పేది.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాల. పులికాట్‌లో చేపలు పట్టే యానాదులు మా గుళ్ళో వెనక వరసలో కూడా కనబడలేదు. మా వాళ్ళు వాళ్ళను పిలవలేదు. గొర్రెల్ని మేపమన్న మాట మా పల్లె పొలిమేర దగ్గరే ఆగిపోయింది.

2022లో తడ నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఆఫీసు బోర్డు మారింది, అడిగే ప్రశ్న మారలేదు. 2023 మార్చిలో దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వమని ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసి కేంద్రాన్ని అడిగింది.

నాయన పోయేముందు ఒకటే అడిగినాడు: సమాధి మీద ఆదివారం పేరే రాయండిరా, శిలువ పెట్టండి అని. మేము పెట్టలేదు. శిలువను ఫొటో తీసి పిల్లల సర్టిఫికెట్ మీద ఫిర్యాదు పెడతారని పెద్దోళ్ళు భయపెట్టినారు. ఆ రాయి మీద పుట్టిన ఏడు, పోయిన ఏడు తప్ప ఏమీ లేవు.

మొన్న ఈస్టరుకు చీకట్లో సున్నం కొడతా ఉన్నాం. తమ్ముడు బకెట్టు పక్కన పెట్టి, బొగ్గుముక్క తీసుకొని, రాయి ముందు కూర్చున్నాడు. జూన్‌లో వాళ్ళ పాపకు ఇంజనీరింగు సీటు కోసం సర్టిఫికెట్ కావాల.

"గీయమంటావా అన్నా?" అన్నాడు.

నేను వెంటనే చెప్పలేకపోయినాను.